నీళ్లల్ల ఫ్లోరైడ్ కలుపుతరా మేడం?

"ఏంది మేడం, అమెరికోళ్లు నీళ్లల్ల ఫ్లోరైడ్ కలుపుతరా?"

అడిగింది మర్రిగూడ దిక్కు ఒక ఊళ్లో ఆర్‌ఓ ప్లాంటు నడిపే అబ్బాయి. క్లాసులో కొందరు నవ్వారు. వెనక బెంచీలో కూర్చున్న ఆశా కార్యకర్త మాత్రం నవ్వలేదు. "విషం కొనుక్కొచ్చి కలుపుకుంటరా ఎవరన్న?" అంది. నా చేతిలో ఉన్నది అమెరికాలో అచ్చయిన కెమిస్ట్రీ పుస్తకంలోని ఒక పేజీ. రాత్రి చదివినప్పుడు నాకు అందులో వింతేమీ తోచలేదు. నల్లగొండలో నిలబడి చదివేసరికి అది వేరే పేజీ అయిపోయింది.

నేను దేవరకొండ వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మూడేళ్ల కింద మా కాలేజీలో సాయంత్రం పూట తాగునీటి పరీక్ష మీద ఆర్నెల్ల సర్టిఫికెట్ కోర్సు మొదలుపెట్టాం. 2013 తర్వాత యూజీసీ కమ్యూనిటీ కాలేజీలని ఒక పథకం తెచ్చింది. ఉన్న కాలేజీలోనే చుట్టుపక్కల వాళ్లకు పనికొచ్చే చదువు, వయసుతో నిమిత్తం లేకుండా చెప్పాలన్నది దాని ఆలోచన. మా కోర్సు ఆ పథకం కిందిది కాదు గానీ ఆలోచన అక్కడిదే. మొదటి బ్యాచ్‌లో ఇరవై ముగ్గురు చేరారు. బీఎస్సీ పిల్లలు తొమ్మిది మంది. మిగిలినవాళ్లలో ఇద్దరు గ్రామ పంచాయతీ వాటర్‌మన్లు, బోరు మోటార్లు బాగుచేసే ఒకాయన, ఆశా అక్క, ఆర్‌ఓ ప్లాంటు అబ్బాయి, ఇంటర్ అయిపోయి ఇంటి దగ్గరే ఉంటున్న ఆడపిల్లలు.

సిలబస్ మేమే రాసుకున్నాం. పుస్తకం మాత్రం లేదు. డిగ్రీకైతే తెలుగు అకాడమీ పుస్తకాలున్నాయి, నేనూ వాటితోనే చదువుకున్నాను. ఈ కోర్సుకు సరిపోయేది ఎక్కడా దొరకలేదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠిలో తిరిగి తిరిగి నీటి విశ్లేషణ మీద ఒక గైడ్ కొనుక్కొచ్చాను. అందులో ఫ్లోరైడ్ అనుమతించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 15 మిల్లీగ్రాములని అచ్చయింది. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం ఉండదగినది 1 మిల్లీగ్రాము. వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఒక్క చుక్క జారిపోయింది, అంతే. మా జిల్లాలో ఆ చుక్క విలువ ఎంతో మా నాయినమ్మను చూసినవాళ్లకు తెలుసు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఆమె మెడ తిప్పలేకపోయేది. గుంజ పట్టుకుని మనిషి మొత్తం తిరిగి చూసేది. యాభై ఏళ్లకే నడుము వంగింది. ఊరి బావి నీళ్లు అద్దంలా ఉండేవి, తియ్యగా ఉండేవి. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

ఆ గైడ్ పేజీని జిరాక్స్ తీసి పంచుదామంటే తప్పుడు అంకె ఇరవై మూడు ఇళ్లకు పోతుంది. దిద్ది పంచుదామంటే అసలు అలా మార్చి పంచొచ్చో లేదో తెలియదు, లోపల 'సర్వహక్కులు ప్రచురణకర్తవి' అని ఉంది. ప్రచురణకర్తకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. తప్పు కళ్ల ముందు కనబడుతున్నా దిద్దే హక్కు లేని పుస్తకంతో పాఠం చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఓఈఆర్ (ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్) అనే మాట అంతకు ముందే ఒక ఓరియెంటేషన్ కోర్సులో విన్నాను. ఫ్రీగా దొరికే పీడీఎఫ్‌లు అనుకున్నాను. అవి నా ఫోన్ నిండా ఉన్నాయి. టెలిగ్రామ్‌లో ఎవరో పంపుతారు, మనం ఇంకొకరికి పంపుతాం. అవి ఓఈఆర్ కాదని, ఇంకొకరి సొత్తును చాటుగా పంచుకోవడమని అర్థం కావడానికి నాకు చాన్నాళ్లు పట్టింది. ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అన్న పేరు 2002లో యునెస్కో సమావేశంలో పుట్టింది. అదే ఏడాది చివర్లో క్రియేటివ్ కామన్స్ (సీసీ) అనే సంస్థ మొదటి లైసెన్సులు వచ్చాయి. రాసినవాళ్లే ముందుకొచ్చి 'తీసుకోండి, దాచుకోండి, మార్చుకోండి, వేరేదానితో కలుపుకోండి, పంచండి' అని రాతపూర్వకంగా చెప్పినదే ఓపెన్. ఈ అయిదింటిలో మిగిలినవన్నీ ఒక ఎత్తు, మార్చుకోండి అన్నది ఒక్కటీ ఒక ఎత్తు. నాకు కావలసింది అదే.

ఓపెన్ లైసెన్సుతో ఉచితంగా పాఠ్యపుస్తకాలు ఇచ్చే ఓపెన్‌స్టాక్స్‌ను 2012లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ మొదలుపెట్టింది. మన పిల్లలు ఎమ్మెస్‌కు పోయే టెక్సస్‌లోనే. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో పగలు పని చేసి సాయంత్రం చదువుకునేవాళ్లు ఎక్కువ. ఒక్కో టెక్స్ట్‌బుక్ వంద డాలర్లు దాటితే కొనలేక పుస్తకం లేకుండానే సెమిస్టర్ గడిపేవాళ్లు. అలాంటివాళ్ల కోసం వచ్చిన పుస్తకాలివి. ఇది చదివినప్పుడు నాకు మా వాటర్‌మన్లే గుర్తొచ్చారు. పొద్దున్నే ట్యాంకు నింపి, వాల్వులు తిప్పి, సాయంత్రం తడి కాళ్లతో క్లాసుకొచ్చేవాళ్లు.

వాళ్ల కెమిస్ట్రీ పుస్తకం రెండో ఎడిషన్ డౌన్‌లోడ్ చేశాను. వెయ్యి పేజీలు దాటింది. ద్రావణీయత అధ్యాయంలో ఫ్లోరైడ్ మీద ఒక చిన్న పెట్టె ఉంది. పంటి ఎనామెల్‌లో హైడ్రాక్సిలాపటైట్ అనే ఖనిజం ఉంటుందని, ఫ్లోరైడ్ చేరితే ఆమ్లాలను తట్టుకునే ఫ్లోరాపటైట్ అవుతుందని, అందుకే తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడం వాడుకైందని రాశారు. ఎక్కువైతే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే ఎముకల ఫ్లోరోసిస్ వస్తుందని, అమెరికాలో గరిష్ఠ పరిమితి 4 మిల్లీగ్రాములని చివర్లో ఉంది. క్లాసులో చదివింది ఈ పెట్టే. ఆర్‌ఓ అబ్బాయి లేచి అడిగింది అప్పుడే.

ఆ పేజీలో తప్పేమీ లేదు. వాళ్ల నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ తక్కువ. లీటరుకు 0.7 మిల్లీగ్రాముల దగ్గర ఉంచాలని 2015లో అక్కడి ప్రజారోగ్య శాఖ సూచించింది. అయితే వాళ్లకు మందైనది మాకు రోగం. వాళ్ల పుస్తకంలో పెట్టెలో ఉన్నది మా పుస్తకంలో అధ్యాయం కావాలి. ఆ పుస్తకం మొదటి పేజీలోనే సీసీ బై 4.0 అని ఉంది. పేరు చెప్పి ఏమైనా చేసుకోవచ్చు. ఆ రాత్రి లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ పెట్టెను కొత్త పేజీలోకి తెచ్చుకుని మొదటి వాక్యం కొట్టేశాను. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా, ఒక యూనివర్సిటీ పుస్తకంలో వాక్యం కొట్టేసి మా ఊరి వాక్యం రాసుకోవడం! చెయ్యి కాస్త వణికిన మాట నిజం.

లెక్క కూడా మార్చాను. పుస్తకాల్లో ద్రావణీయతా లబ్ధం (లవణం నీళ్లలో ఎంతవరకు కరగగలదో చెప్పే స్థిరాంకం) లెక్కలు ఏ లవణం ఎంత కరుగుతుందని అడిగి ఊరుకుంటాయి. నేను కాల్షియం ఫ్లోరైడ్‌ను తీసుకున్నాను. దాని విలువ 4.0 × 10⁻¹¹. శుద్ధమైన నీళ్లలో ఆ ఖనిజం కరిగినంతా కరిగితే లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ చేరుతుంది. అదే నీళ్లలో ముందే లీటరుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే 3.6 దగ్గర ఆగిపోతుంది. కాల్షియం 100 ఉంటే 2.4. దీన్నే ఉమ్మడి అయాన్ ప్రభావం అంటారు. డిగ్రీలో నేను ఈ మాటను బట్టీ పట్టి రాశాను. బోర్డు మీద ఈ మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసేసరికి బోరు మెకానిక్ లేచాడు. "అంటే సున్నం ఉన్న నీళ్లల్ల గది తక్కువుంటదా మేడం? మా దిక్కు కొన్ని బోర్లల్ల గిన్నెలకు తెల్లగ పడ్తది, కొన్నిట్ల పడది." ఆయన అడిగిందే అసలు సంగతి. మా కింద ఉన్నది గ్రానైట్, అందులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లలో కాల్షియం కార్బొనేట్‌గా విడిపోయి కిందికి దిగిపోతుంది. అడ్డుపడే కాల్షియం లేకపోయేసరికి ఫ్లోరైడ్ ఇంకా కరుగుతుంది. గిన్నెకు పట్టిన తెల్ల పొరను చూసి ఫ్లోరైడ్ ఎంతుందో చెప్పలేమని, పరీక్ష చెయ్యాల్సిందేనని అప్పుడే గట్టిగా చెప్పాను. ఆయన ప్రశ్న ఆయన మాటల్లోనే నేను రాస్తున్న చిన్న పాఠ్యపుస్తకం, మా మాడ్యూల్‌లో పెట్టాను, అభ్యాసం కింద మొదటి ప్రశ్నగా.

ఆర్‌ఓ అబ్బాయి మీటరు కథ కూడా అందులో చేరింది. అతను జేబులో టీడీఎస్ మీటరు పెట్టుకుని తిరుగుతాడు. నీళ్లలో ముంచి "యాభై ఉంది, మంచిగున్నయ్" అంటాడు. ఆ మీటరు కొలిచేది నీటి విద్యుత్ వాహకతను. మొత్తం లవణాలు ఎంతో అంచనా చెబుతుంది, ఫ్లోరైడ్ ఎంతో చెప్పలేదు. అందరినీ తమ ఊరి నీళ్లు ప్లాస్టిక్ సీసాల్లో తెమ్మన్నాను, ఫ్లోరైడ్‌కు గాజు సీసా పనికిరాదు. జిర్కోనియం అలిజరిన్ కిట్‌తో చూశాం. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపులోకి దిగుతుంది. కూల్‌డ్రింకు సీసాల్లో వచ్చిన ఇరవై మూడు నమూనాలు బల్ల మీద వరసగా పెడితే నల్లా నీళ్లన్నీ గులాబీగా నిలబడ్డాయి. మిషన్ భగీరథ కింద వచ్చే కృష్ణా నీళ్లు అవి. రెండు పాత బోర్ల నీళ్లు పసుపెక్కాయి. అందులో ఒకదాని టీడీఎస్ మీటర్లో తక్కువే చూపించింది. అబ్బాయి మీటరును చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు. మరుసటి వారం తన ప్లాంటులో ఫిల్టరు దాటిన నీళ్లు, బయటికి వదిలేసే వృథా నీళ్లు రెండూ సీసాల్లో తెచ్చాడు.

నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్ మీద మాత్రం మొత్తం నేనే రాయాల్సి వచ్చింది. మా ఊరి పేరుతో ఉన్న పద్ధతి ఆ పుస్తకంలో నాకు కనబడలేదు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించింది ఇది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలిపితే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తటి పింజల్లా ఏర్పడి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైనీళ్లు వడకట్టుకోవాలి. లోపాలు కూడా రాశాను. పటిక మోతాదు నీళ్లను బట్టి మారుతుంది. ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. అడుగున చేరే బురదను ఎక్కడ పారబోయాలన్నది ఇంకో తలనొప్పి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని మా వైపు చాలామంది నమ్మకం. పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. దీన్ని మాత్రం పెద్ద అక్షరాల్లో పెట్టాను.

అసలు కష్టం తెలుగు అక్షరాల దగ్గర వచ్చింది. చేత్తో రాసింది డీటీపీ సెంటర్‌లో ఇస్తే రెండు రోజుల్లో అందంగా కొట్టిచ్చారు. ఇంటికొచ్చి ఫైలు తెరిస్తే అంతా గజిబిజి. వాళ్లు అను ఫాంట్లలో కొట్టారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అది తెలుగే కాదు. ఫోన్లో తెరుచుకోదు, వెతికితే దొరకదు, ఇంకో లెక్చరర్ తీసుకుని ఒక మాట మార్చలేరు. లైసెన్సు ఎంత ఓపెన్ అయినా ఫైలు మూసుకుపోతే ఏం లాభం? మళ్లీ మొత్తం యూనికోడ్‌లో నేనే కొట్టాను. ఫోన్లో మాటలు చెప్పి టైపు చేయించుకుని, లాప్‌టాప్‌లో లిబ్రాఫీస్‌లో దిద్దుకున్నాను. మండలి ఫాంట్ వాడాను, అది కూడా ఓపెన్ లైసెన్సులోనే ఉంది. నెల పట్టింది. పదాల దగ్గర మా వాళ్లే దారి చూపారు. 'అవక్షేపం' అంటే ఎవరికీ అర్థం కాలేదు, 'ప్రెసిపిటేట్' అంటే బీఎస్సీ పిల్లలకే తెలిసింది. "అడుగుకు దిగింది" అంటే అందరికీ తెలిసింది. మూడూ రాశాను, అడుగుకు దిగింది ముందు.

లైసెన్సుల్లో ఒకసారి తప్పులో కాలేశాను. తెలుగు వికీపీడియా నుంచి కొంత తీసుకున్నాను, అది సీసీ బై ఎస్ఏ. దాన్ని కలుపుకుంటే మన పాఠం కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి. సరే అనుకున్నాను. ఇంకో చోట భూగర్భజలాల మీద చక్కటి బొమ్మ దొరికింది, అది ఎన్‌సీ ఎస్ఏ. అమ్మకానికి వాడకూడదు, ఇచ్చేటప్పుడు అదే షరతు పెట్టాలి. రెండింటినీ ఒకే పాఠంలో కలిపేస్తే ఏ షరతు పెట్టినా ఇంకోటి చెడుతుంది. మొదటి ప్రతిలో ఆ బొమ్మ పెట్టేశాను. మహబూబ్‌నగర్ నుంచి ఒక సీనియర్ లెక్చరర్ చూసి ఫోన్ చేసి చెప్పారు. "అమ్మా, ఎన్‌డీ అని ఉన్నవైతే అసలే ముట్టుకోకు, తెలుగులోకి మార్చి పంచడం కూడా కుదరదు" అన్నారు. ఆయన చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. బొమ్మ తీసేశాను.

పద్నాలుగు ఆకుల మాడ్యూల్ తయారైంది. జిరాక్స్ షాపులో ఇచ్చినప్పుడు ఆయన పుస్తకం పేరు చూసి వెనకాడాడు. "తర్వాత నా మీదికి రాదు గద మేడం?" చివరి పేజీ చూపించాను: రైస్ యూనివర్సిటీ ఓపెన్‌స్టాక్స్ కెమిస్ట్రీ రెండో ఎడిషన్ నుంచి కొంత తీసుకుని నల్లగొండ నీళ్లకు తగ్గట్టు మార్చామని, వికీపీడియా నుంచి ఏ భాగం తీసుకున్నామో, ఏ లైసెన్సో, ఏమేం మార్చామో, అన్నీ అందులో ఉన్నాయి. రెండు సార్లు చదివి మిషన్ ఆన్ చేశాడు. ముప్పై ప్రతులు.

ఆ చివరి పేజీలోనే బొమ్మలు వేసిన అమ్మాయి పేరు కూడా ఉంది. ఇంటర్ అయిపోయి మా కోర్సులో చేరిన పిల్ల. నవ్వితే చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పళ్ల మీద గోధుమ రంగు చారలు, చిన్నప్పుడు తాగిన నీళ్ల గుర్తులు. దంత ఫ్లోరోసిస్ బొమ్మ కావాలని నేను వెతుకుతుంటే క్లాసయ్యాక ఆగి, "నా పండ్ల ఫోటో తీసుకోండ్రి మేడం, పనికొస్తది గద" అంది. ఒప్పుకుందామని క్షణం అనిపించింది. అంతకంటే మంచి బొమ్మ ఎక్కడా దొరకదు. కానీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సును ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. రేపు ఈ అమ్మాయికి పెళ్లి కుదిరాక, ఉద్యోగం వచ్చాక, ఆ ఫోటో ఎక్కడెక్కడ తిరుగుతుందో ఎవరికి తెలుసు? కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి "అయితే గీస్త" అంది. మరుసటి రోజు పెన్సిలుతో గీసుకొచ్చింది. నాలుగు ముందు పళ్లు, చారలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో అంత కచ్చితంగా. అద్దం ముందు కూర్చుని గీశానని చెప్పింది.

తర్వాతి ఏడాది ఒక కోచింగ్ సెంటర్ మా మాడ్యూల్‌ను బైండు చేసి అరవై రూపాయలకు అమ్ముతోందని ఆర్‌ఓ అబ్బాయే తెచ్చి చూపించాడు. నాకు కోపం వచ్చింది అమ్మినందుకు కాదు, బై ఎస్ఏ లైసెన్సులో అమ్ముకోవచ్చు. చివరి పేజీ లేదు. రైస్ యూనివర్సిటీ పేరు లేదు, వికీపీడియా లేదు, మా పేర్లు లేవు. పళ్ల బొమ్మ కింద ఆ అమ్మాయి పేరు తుడిచేసిన చోట తెల్లగా ఒక మచ్చ మిగిలింది.

ఫోన్ చేశాను. మొదట "ఫ్రీ మెటీరియలే గద మేడం" అన్నారు. ఫ్రీ అన్నది నిజమే, మాకూ రైస్ వాళ్లు ఫ్రీగానే ఇచ్చారు, బదులుగా అడిగింది పేరు ఒక్కటే అని చెప్పాను. పేరు తీసేస్తే లైసెన్సు రద్దవుతుందని, సంగతి తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే తిరిగి వస్తుందని 4.0 లైసెన్సులో ఉన్న మాట కూడా చదివి వినిపించాను. గొడవేం కాలేదు. రెండు వారాలకు కొత్త ప్రతి పంపారు. ధర అదే అరవై, చివరి పేజీ ఉంది.

ఈలోగా మహబూబ్‌నగర్ సార్ తన సొంత ప్రతి తయారుచేసి పంపారు. మా బోరు లెక్కలు తీసేసి వాళ్ల వైపు ఊళ్ల నీళ్ల అంకెలు పెట్టారు. పటిక లెక్కలో నేను చేసిన ఒక తప్పు దిద్దారు. ఆ దిద్దుబాటును నా ప్రతిలోకి తెచ్చుకుని చివరి పేజీలో ఆయన పేరు చేర్చాను.

కోచింగ్ సెంటర్ ప్రతిని ఆ అమ్మాయికి ఇచ్చాను. ఇప్పుడామె మా కాలేజీలోనే బీఎస్సీ రెండో సంవత్సరం. పేజీలు తిప్పి పళ్ల బొమ్మ దగ్గర ఆగింది. బొమ్మను చూడలేదు, దాని కింద వేలు పెట్టి తన పేరు చదువుకుంది. "ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడ్డది మేడం" అని నవ్వింది, చున్నీ అడ్డం పెట్టుకోకుండానే. పెన్ను తీసుకుని ఆ అక్షరం తనే దిద్దుకుంది.